రుజువు బరువు

'యుద్ధాలు ముగిశాక' ధారావాహిక – 11వ భాగం

పోయిన వారం కథ నారింజ పట్టీ పీపాల దగ్గర ఆగింది. దక్షిణ వియత్నాం అడవుల ఆకు రాల్చి గెరిల్లాలకు చాటు లేకుండా చెయ్యాలని అమెరికా వైమానిక దళం 1962 జనవరి నుంచి 1971 జనవరి దాకా కలుపుమందులు చల్లిన వైనం చూశాం. సీ-123 విమానంలో వెయ్యి గ్యాలన్ల ట్యాంకు. నూట యాభై అడుగుల ఎత్తున ఎగురుతూ నాలుగే నాలుగు నిమిషాల్లో దాన్ని ఖాళీ చేసేవారు. తొమ్మిదేళ్ళలో ఏడు కోట్ల లీటర్లకు పైనే పోశారు. అందులో సగానికి మించి ఏజెంట్ ఆరెంజ్. 2,4-డి, 2,4,5-టి అనే రెండు మందులు చెరిసగం కలిపితే వచ్చింది అది. రెండోదాన్ని హడావిడిగా ఎక్కువ వేడి మీద తయారుచేస్తే డయాక్సిన్ అనే విషం దానంతటదే పుట్టుకొస్తుందనీ, ఆ సంగతి కంపెనీల్లో కొందరికి ముందే తెలుసనీ కూడా చెప్పుకున్నాం.

ఈ వారం ఆ మందు కింద తిరిగి, ప్రాణాలతో ఇల్లు చేరినవాళ్ళ సంగతి.

1977లో షికాగోలో మాడ్ డివిక్టర్ అనే ఉద్యోగిని ఉండేది. మాజీ సైనికుల వైద్యం, పింఛన్లు చూసే వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్‌లో పని. దాన్ని అక్కడ అందరూ వీఏ అనే అంటారు, మనమూ అలాగే అందాం. అర్జీలు పెట్టుకునేవాళ్ళకు ఏ కాగితం ఎక్కడ జతచెయ్యాలో చెప్పడం ఆమె ఉద్యోగం. తనూ ఒకప్పుడు నౌకాదళంలో పనిచేసిన మనిషే, క్యాన్సర్ వచ్చి తగ్గిన మనిషే. ఒకరోజు ఒక ఇల్లాలు ఫోన్ చేసింది. భర్త క్యాన్సర్‌తో ఆఖరి దశలో ఉన్నాడు. వియత్నాంలో చల్లిన రసాయనాల వల్లే తనకీ జబ్బు వచ్చిందని ఆయన అంటున్నాడట. ఆయన పోయాక ఆవిడ పెట్టుకున్న అర్జీని వీఏ తోసిపుచ్చింది. డివిక్టర్ ఊరుకోలేదు. రసాయనాలేమిటో, ఎక్కడ చల్లారో, ఎవరికి తెలుసో ఆరా తీస్తూ ఊరూరికీ ఫోన్లు చేసింది. తన దగ్గరికి వచ్చే, వియత్నాం వెళ్ళొచ్చిన ప్రతి సైనికుడినీ అదే ప్రశ్న అడిగింది. జాబితా పెరుగుతూ పోయింది. ఇక చాలు ఆపమని పైనుంచి మాట వచ్చింది. అప్పుడామె ఆ కాగితాలు పట్టుకుని ఊళ్ళోని టీవీ చానల్ విలేఖరి బిల్ కర్టిస్ దగ్గరికి వెళ్ళింది. 1978 మార్చిలో ఆయన డాక్యుమెంటరీ ప్రసారమైంది. మర్నాటి నుంచి వీఏ ఆఫీసుల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

ఆ ఏడాదే పాల్ రాయిటర్‌షాన్ అనే కుర్రాడు జాతీయ టీవీలో కనిపించాడు. వియత్నాంలో హెలికాప్టర్ సిబ్బందిలో పనిచేశాడు. మందు మంచులా దిగుతుంటే ఆ మంచులోంచే వాళ్ళ హెలికాప్టర్ ఎగిరేది. ఇరవై ఏడేళ్ళకే పెద్దపేగు క్యాన్సర్. తాను వియత్నాంలోనే చచ్చిపోయాననీ, ఆ సంగతి తనకే తెలియలేదనీ చెప్పాడు. కంపెనీల మీద దావా వేసి, ఆ డిసెంబరులోనే ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో పోయాడు.

ఇక్కడ పింఛను అర్జీ ఎలా నడుస్తుందో కాస్త చెప్పుకోకపోతే తరవాతి కథ అర్థం కాదు. వీఏ దగ్గర వైకల్య పరిహారం రావాలంటే మూడు కావాలి. ఇప్పుడు జబ్బు ఉందని డాక్టరు రాసిన కాగితం. సర్వీసులో ఉండగా ఫలానాది జరిగిందని సైన్యం రికార్డు. ఆ జరిగినదానికీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని వైద్యుడి మాట. మూడూ ఉంటే సున్నా నుంచి నూరు దాకా, పదేసి చొప్పున పెరిగే శాతం ఒకటి కట్టి, దాని ప్రకారం నెలనెలా డబ్బు ఇస్తారు. మోకాట్లో తూటా దిగినవాడికి మూడూ క్షణాల్లో దొరుకుతాయి. ఆస్పత్రి చీటీ ఉంటుంది, మచ్చ ఉంటుంది, కుంటి నడక ఉంటుంది. 1968లో చొక్కా మీద పడి ఆరిపోయిన తుంపరకు ఏ చీటీ ఉంటుంది? ఆ తుంపర పడిన సంగతి సైనికుడు పై అధికారికి ఎందుకు చెబుతాడు? కలుపుమందేగా అన్నారు, దోమల మందనుకున్నాడు, తుడుచుకుని పోయాడు. ఖాళీ పీపాలను సగానికి కోసి వాటిలో బొగ్గులు పోసి మాంసం కాల్చుకున్నవాళ్ళున్నారు, నీళ్ళు పట్టి స్నానం చేసినవాళ్ళున్నారు.

వీఏ కాదంటే కోర్టుకు పోవచ్చు కదా అంటారా? వీల్లేదు. అప్పట్లో పింఛను విషయంలో వీఏ మాటే ఆఖరి మాట, ఏ న్యాయస్థానమూ దాన్ని తిరగదోడకూడదని చట్టం. పైగా మరో విడ్డూరం. అంతర్యుద్ధం నడుస్తున్న 1864లో అమెరికా కాంగ్రెస్ ఒక నియమం పెట్టింది. సైనికుడి పింఛను అర్జీ చూసిపెట్టినందుకు వకీలు పది డాలర్లకు మించి తీసుకోకూడదు. అమాయకపు వితంతువుల సొమ్ము మాయగాళ్ళ పాలు కాకూడదన్నది ఉద్దేశం. మంచిదే. కానీ ఆ పది డాలర్లు 1988 దాకా పది డాలర్లుగానే ఉండిపోయాయి! ఏ వకీలు వస్తాడు? ఉచితంగా అర్జీలు రాసిపెట్టే మాజీ సైనికుల సంఘాలు ఉండేవి, వాళ్ళు చేయగలిగింది చేశారు. కానీ డయాక్సిన్ మీద వైద్యశాస్త్ర వాదన నడపడం అర్జీ నింపడం లాంటిది కాదు. 1988లో చట్టం మారి, వీఏ నిర్ణయాల మీద అప్పీళ్ళు వినడానికే ఒక కోర్టు పుట్టింది.

సొంత ప్రభుత్వం మీద దావా వేసే దారీ మూసుకుపోయింది. సర్వీసులో భాగంగా తగిలిన దెబ్బలకు సైనికుడు ప్రభుత్వాన్ని కోర్టుకు ఈడ్చరాదని సుప్రీంకోర్టు 1950లోనే తేల్చేసింది. మిగిలింది మందు తయారుచేసిన కంపెనీలు. డౌ, మోన్‌శాంటోలతో సహా ఏడు కంపెనీల మీద లక్షలమంది తరఫున ఒకే దావా నడిచింది. బ్రూక్లిన్‌లో జడ్జి జాక్ వైన్‌స్టీన్ ముందు విచారణ మొదలు కావలసింది 1984 మే 7న. ఆ తెల్లవారుజామున, జ్యూరీని పిలవడానికి కొన్ని గంటల ముందు, రాత్రంతా సాగిన బేరం 18 కోట్ల డాలర్ల దగ్గర తెగింది. వినడానికి పెద్ద మొత్తమే. పంచేటప్పటికి పూర్తిగా మంచాన పడ్డ మనిషికి గరిష్ఠంగా 12,800 డాలర్లు, సగటున 3,800. మరో మాట ఆ రాజీలో లేనేలేదు: ఈ జబ్బులు ఈ మందు వల్లే వచ్చాయని ఎవరూ ఒప్పుకోలేదు. చాలామంది సైనికులకు డబ్బు కన్నా ఆ మాటే కావాలి. దేశంలో ఐదు నగరాల్లో జడ్జి బహిరంగ విచారణలు పెడితే వచ్చి, ఇది మాకొద్దని మొహం మీదే చెప్పారు. రాజీ మాత్రం నిలిచింది.

నా మటుకు ఈ కథలో అసలు ఘట్టం కోర్టులో లేదు, రికార్డుల గదిలో ఉంది.

సీ-123 ఎప్పుడు లేచింది, ఏ అక్షాంశం దగ్గర కుళాయి తిప్పింది, ఏ రేఖాంశం దగ్గర కట్టేసింది, ఎన్ని గ్యాలన్లు, ఏ రంగు పట్టీ అన్నదంతా వైమానిక దళం అప్పటికప్పుడు రాసి పెట్టుకుంది. తరవాత కంప్యూటర్ టేపులకూ ఎక్కించింది. పీపాల లెక్క ఉంది, మనుషుల లెక్కే లేదు. ఫలానా దళం ఆ రోజు ఏ గుట్ట కింద పడుకుంది, ఏ వాగు నీళ్ళు తాగింది అన్నది బెటాలియన్ డైరీల్లో చెల్లాచెదురుగా ఉండిపోయింది. మందు చల్లిన చోటికి మా సైనికులు నాలుగు నుంచి ఆరు వారాల దాకా అడుగే పెట్టలేదని రక్షణ శాఖ చెప్పుకొచ్చింది. 1979లో ప్రభుత్వ ఆడిటర్లు కూర్చుని మెరైన్ దళాల కదలికలను విమానాల దారులతో సరిపోల్చి చూస్తే, మందు పడిన రోజునే, అర కిలోమీటరు లోపలే, వేలమంది మెరైన్లు ఉన్నట్టు తేలింది.

అదే ఏడాది కాంగ్రెస్ ఒక పెద్ద ఆరోగ్య అధ్యయనం చెయ్యమని వీఏను ఆదేశించింది. వీఏ దాన్ని కొన్నేళ్ళు నాన్చి, చివరికి జాతీయ రోగనియంత్రణ సంస్థ సీడీసీ చేతిలో పెట్టింది. సీడీసీ మరికొన్నేళ్ళు తీసుకుని, ఎవరెవరి మీద ఎంత మందు పడిందో రికార్డుల నుంచి చెప్పలేమంటూ 1987లో చేతులెత్తేసింది. సైనికుల రక్తం తీసి డయాక్సిన్ కొలిచారు, మామూలు జనానికీ వీళ్ళకూ పెద్ద తేడా కనిపించలేదన్నారు. ఒంట్లో డయాక్సిన్ ఏడు నుంచి పదేళ్ళకోసారి సగం అవుతూ పోతుంది, పరీక్షేమో ఇరవై ఏళ్ళకు చేశారు. ఈ అధ్యయనాన్ని అధికారులు కావాలనే నీరుగార్చారని 1990లో ప్రతినిధుల సభ కమిటీ ఒకటి ఘాటుగానే రాసింది. రికార్డులతో కాదన్న పనిని కొలంబియా విశ్వవిద్యాలయంలో జీన్ స్టెల్మన్ బృందం అవే టేపులు ముందేసుకుని చేసి చూపించింది. ఆ ఫలితాలు 2003లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. అంతకుముందు అనుకున్నదాని కన్నా చల్లిన మందు ఎక్కువనీ, అందులోని డయాక్సిన్ ఇంకా ఎక్కువనీ తేలింది.

ఈలోగా వీఏ ఏం చేస్తోంది? క్లోరాక్నే అనే చర్మరోగం ఒక్కటే ఒప్పుకుంటాను, అదీ వియత్నాం వదిలిన మూడు నెలల లోపల వచ్చి ఉండాలి అంటూ 1985లో ఒక నిబంధన రాసుకుంది. మొటిమల్లాంటి పొక్కులకు పింఛను, గడ్డలకు లేదు. ఆ నిబంధన కింద 31,000 మందికి పైగా అర్జీలు చెత్తబుట్ట పాలయ్యాయి. దాని మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో వేసిన కేసు పేరు నెమర్ కేసు. 1989 మేలో జడ్జి థెల్టన్ హెండర్సన్ నిబంధనను కొట్టేశారు. మందుకీ జబ్బుకీ కార్యకారణ సంబంధం తిరుగులేకుండా రుజువు కావాలని వీఏ పట్టుబట్టింది, చట్టం అడిగింది అంత కాదు, లెక్కల్లో సంబంధం కనబడితే చాలు, సందేహం ఉంటే సైనికుడి వైపు మొగ్గాలి అన్నది తీర్పు సారాంశం. కొత్తగా వచ్చిన వీఏ కార్యదర్శి ఎడ్వర్డ్ డెర్విన్‌స్కీ అప్పీలుకు పోలేదు. పోకుండా ఆయన మరో పని చేశాడు. శాస్త్రీయ అధ్యయనాలన్నీ చదివి నాకు చెప్పు అంటూ ఒక ముసలి అడ్మిరల్‌ను పిలిచాడు.

ఆయన పేరు ఎల్మో జుమ్‌వాల్ట్. 1968 నుంచి 1970 దాకా వియత్నాంలో అమెరికా నౌకాబలగాల అధిపతి. మెకాంగ్ డెల్టాలో సన్నటి కాలువలు, రెండు పక్కలా దట్టమైన మడ అడవి. పడవల మీద తిరిగే నావికుల మీద ఒడ్డునున్న పొదల్లోంచి కాల్పులు. నెలకు నూటికి ఆరుగురు చావడమో గాయపడడమో జరిగేదని ఆయన లెక్క. ఏడాది డ్యూటీ మీద వచ్చిన కుర్రాడు ఒంటిమీద గాయం లేకుండా తిరిగి వెళ్ళే అవకాశం సగం కన్నా తక్కువన్నమాట. జుమ్‌వాల్ట్ ఒడ్డుల మీద మందు కొట్టించాడు. మడ మాడిపోయింది, నష్టం నెలకు ఒక శాతం లోపలికి పడిపోయింది.

ఆ పడవల్లో ఒకదానికి కెప్టెన్ ఆయన సొంత కొడుకు, మూడో ఎల్మో జుమ్‌వాల్ట్. తిరిగొచ్చి న్యాయశాస్త్రం చదివి ఉత్తర కరోలినాలో ప్రాక్టీసు పెట్టాడు. 1983లో లింఫోమా. 1985లో హాడ్జ్‌కిన్స్. రెండు వేర్వేరు రక్తసంబంధ క్యాన్సర్లు ఒకే మనిషికి. చెల్లెలి ఎముక మజ్జ ఎక్కించారు. అతని కొడుకు పుట్టుకతోనే నేర్చుకోవడంలో ఇబ్బందులున్న బిడ్డ. తండ్రీకొడుకులు కలిసి 1986లో ఒక పుస్తకం రాశారు. ఆ మందే తన కొడుకును చంపుతోందని అడ్మిరల్ నమ్మాడు. అయినా ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ అదే ఆజ్ఞ ఇస్తానన్నాడు, ఇవ్వకపోతే ఇంకా ఎక్కువమంది పిల్లలు శవపేటికల్లో వచ్చేవారని. కొడుకూ నాన్న చేసింది సరైనదే అన్నాడు. 1988 ఆగస్టులో 42 ఏళ్ళకు పోయాడు.

మహాభారతం విని పెరిగిన మనకు కొడుకు కోసం కుమిలిన సేనాని కొత్త కాదు. కొడుకు చచ్చాడన్న అబద్ధం నమ్మి ద్రోణుడు అస్త్రాలు కింద పెట్టేశాడు. జుమ్‌వాల్ట్ కింద పెట్టింది సేనాని గర్వం, చేతికెత్తుకున్నది కాగితాలు. డెర్విన్‌స్కీ అడిగిన నివేదికను 1990 మేలో ఇచ్చాడు. ప్రభుత్వ అధ్యయనాలు, కంపెనీల అధ్యయనాలు వరసపెట్టి ఎత్తి చూపుతూ, ఎక్కడెక్కడ లెక్కలు వంకరగా ఉన్నాయో రాశాడు. 28 రకాల జబ్బులకు ఏజెంట్ ఆరెంజ్‌తో ముడి ఉందనడానికి తగిన ఆధారముందన్నాడు. తాను వాడించిన మందు గురించి ఇలా రాసిన సైన్యాధికారి మరొకరు నాకు తగల్లేదు.

అప్పటికే మరో తలుపు కొంచెం తెరుచుకుంది. 1990 మార్చిలో సీడీసీ వాళ్ళదే ఇంకో అధ్యయనం బయటికొచ్చి, వియత్నాం వెళ్ళొచ్చినవాళ్ళలో నాన్‌హాడ్జ్‌కిన్స్ లింఫోమా ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లుందని చెప్పింది. డెర్విన్‌స్కీ వెంటనే ఆ జబ్బుకు పరిహారం ప్రకటించాడు. ఆ అధ్యయనంలో ఒక వింత ఉంది. ముప్పు ఎక్కువగా కనిపించింది అడవుల్లో తిరిగినవాళ్ళలో కాదు, ఒడ్డుకు దూరంగా సముద్రంలో ఓడల మీద ఉన్నవాళ్ళలో. అంటే ఇది ఏజెంట్ ఆరెంజ్ పని కాదని అప్పట్లో చాలామంది అర్థం చెప్పుకున్నారు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైంది. అరేబియా ఎడారిలో కొత్త సైనికులు, టీవీల నిండా పసుపు రిబ్బన్లు. ఏళ్ళ తరబడి అటకెక్కిన బిల్లు ఆ వేడిలో నెల తిరక్కుండా రెండు సభలూ దాటింది. ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు. ఫిబ్రవరి 6న అధ్యక్షుడు బుష్ సంతకంతో అది ఏజెంట్ ఆరెంజ్ చట్టమైంది. అది చేసిన పని ఒక్కటే, కానీ చాలా పెద్దది. 1962 జనవరి 9 నుంచి 1975 మే 7 మధ్య వియత్నాంలో పనిచేసిన ప్రతి సైనికుడి మీదా మందు పడినట్టే లెక్క. జాబితాలో ఉన్న జబ్బు వస్తే అది దాని వల్ల వచ్చినట్టే లెక్క. ఏ గుట్ట, ఏ వాగు, ఏ తేదీ అని అడగరు. కాదని చెప్పదలిస్తే ప్రభుత్వమే కాదని చూపించుకోవాలి. జాబితాలో ఏం చేర్చాలో రెండేళ్ళకోసారి శాస్త్రవేత్తల సంఘం సమీక్షించి చెప్పాలని పెట్టారు.

పింఛను కాగితాలు పట్టుకుని తిరిగిన మన మాజీ సైనికుల ఇళ్ళలో ఈ తగువు విడమరిచి చెప్పక్కర్లేదు. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసులో ముదిరిందా, పుట్టుకతో ఉన్నదా అన్న ప్రశ్న మీద మన దగ్గరా అర్జీలు ఏళ్ళ తరబడి నలుగుతాయి. సైన్యంలో చేరేటప్పుడు డాక్టర్లు జబ్బేమీ రాయలేదంటే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే, కాదనేవాళ్ళే రుజువు చెయ్యాలి అని మన సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. బరువు ఎటు వేస్తే అటు న్యాయం దిగుతుందన్నది ఇక్కడా అక్కడా ఒకటే.

జాబితా పెరుగుతూ వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్, మల్టిపుల్ మైలోమా 1994లో చేరాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ 1996లో. టైప్-2 మధుమేహం 2001లో. మందు చల్లిన విమాన సిబ్బంది మీదే వైమానిక దళం 1982 నుంచి జరిపిన అధ్యయనంలో డయాక్సిన్ మోతాదుకూ మధుమేహానికీ సంబంధం కనబడింది. 2010లో గుండె రక్తనాళాల జబ్బు, పార్కిన్‌సన్స్. వాటిని చేర్చిన కార్యదర్శి ఎరిక్ షిన్‌సెకి వియత్నాంలో పాదంలో కొంత భాగం పోగొట్టుకున్న మనిషి. చేర్చడం సబబేనా అని సెనేట్‌లో నిలదీసిన జిమ్ వెబ్ కూడా వియత్నాంలో పోరాడినవాడే. వెబ్ ప్రశ్నను కొట్టిపారేయలేం. అరవై దాటిన మగవాళ్ళలో షుగరు, గుండెపోటు ఏ దేశంలోనైనా సర్వసాధారణం. వీటిలో ఏది మందు వల్ల వచ్చింది, ఏది వయసు వల్ల వచ్చింది అని ఒక్కో మనిషిని పట్టుకుని చెప్పగల డాక్టరు లేడు. కొందరికి అనర్హంగా డబ్బు వెళ్ళే ఉంటుంది. కానీ తప్పు ఎటో ఒక పక్క జరగక తప్పనప్పుడు, 31,000 మందిని గెంటేసే తప్పు కన్నా ఇదే మేలని నాకనిపిస్తుంది. ప్రభుత్వమే రికార్డు సరిగా ఉంచలేదు కనుక, ఆ లోటు భరించవలసిందీ ప్రభుత్వమే.

పిల్లల విషయంలో మాత్రం చట్టం చెయ్యి బిగబట్టింది. 1996లో, వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టే స్పైనా బైఫిడా ఒక్కదానికే సైనికుల బిడ్డలకు సాయం ఒప్పుకున్నారు. 2000లో వియత్నాంలో పనిచేసిన మహిళల బిడ్డలకు మరెన్నో అవకరాలను చేర్చారు. తండ్రి వెళ్ళిన ఇంట్లో ఒక్క జబ్బే చెల్లుతుంది, తల్లి వెళ్ళిన ఇంట్లో చాలా చెల్లుతాయి.

మన రైతులకు ఒక మాట. 2,4-డి మనకు బాగా తెలిసిన పేరు, వరిలో, మొక్కజొన్నలో కలుపుకు కొడతాం. గాలివాటుకు పక్క చేలో పడితే పత్తి ఆకు బెండాకులా చీలికలైపోవడం చూసినవాళ్ళకు దాని బలం వేరే చెప్పాలా? అయితే ఏజెంట్ ఆరెంజ్‌లోని ఆ డయాక్సిన్ వచ్చింది 2,4,5-టి తయారీ నుంచి. దానికి మన దేశంలో రిజిస్ట్రేషన్ ఇవ్వలేదు. అంతమాత్రాన 2,4-డిని చేతికి తొడుగు లేకుండా కలపమని కాదు.

ఇక ఓడల సంగతి.

మొదట్లో వియత్నాం సర్వీసు పతకం ఉంటే చాలు, ఓడలో ఉన్నవాడికీ అర్హత ఉండేది. 2002లో వీఏ నిబంధన మార్చింది: నేల మీద కాలు పెట్టి ఉండాలి, లేదా దేశం లోపలి జలాల్లో తిరిగి ఉండాలి. ఒడ్డు నుంచి నాలుగు మైళ్ళలో లంగరు వేసిన ఓడ మీద ఏడాది ఉన్నా లెక్కలోకి రాదు. టపా సంచి తేవడానికి చిన్న పడవలో ఒడ్డుకు వెళ్ళి పది నిమిషాలు నిలబడ్డవాడు అర్హుడు, ఆ టపా అందుకున్న వంటవాడు కాడు. డెబ్భై ఏళ్ళ ముసలివాళ్ళు పురాలేఖనాల్లోంచి తమ ఓడ డెక్ లాగులు తెప్పించుకున్నారు. నాలుగు గంటలకోసారి డ్యూటీ అధికారి చేతిరాతతో రాసిన పుటలవి. లంగరు ఎప్పుడు దించారు, ఏ గుర్తుకు ఏ దిశలో ఉన్నారు, పడవ ఎప్పుడు ఒడ్డుకు పోయింది అని ఒక్కో గీతా భూతద్దంతో వెతికారు. లంగరు దా నాంగ్ రేవులోనే వేసినట్టు దొరికినా, అది లోపలి జలం కాదు, సముద్రమేనని వీఏ వాదించింది. ఆ నిర్వచనానికి తలా తోకా లేదని 2015లో పింఛన్ల కోర్టు తప్పుబట్టవలసి వచ్చింది.

అసలు ఓడ మీదికి మందు ఎలా వస్తుంది? జవాబు ఆస్ట్రేలియాలో దొరికింది. ఆ దేశం కూడా వియత్నాంకు సైన్యాన్ని పంపింది. సైనికుల కన్నా నావికుల్లో క్యాన్సర్ మరణాలు ఎక్కువ ఉండటం చూసి అక్కడి మాజీ సైనికుల శాఖ తల గీరుకుంది. నేల మీద తిరగనివాళ్ళకు ఎందుకు? క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓడలోని మంచినీళ్ళ యంత్రం వైపు చూశారు. ఓడలో తాగేందుకు, వంటకు సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టుకుంటారు. ఉప్పు అడుగున మిగిలిపోతుంది. నూనెలాంటి డయాక్సిన్ కూడా అలాగే మిగిలిపోతుందనే ఎవరైనా అనుకుంటారు. ప్రయోగశాలలో అలాంటి యంత్రాన్నే కట్టి చూస్తే, అది ఆవిరితో పాటే లేచి వచ్చింది. అంతే కాదు, వచ్చిన నీళ్ళలో మొదటి నీళ్ళ కన్నా చిక్కబడింది. నదులు మందును సముద్రంలో కలిపాయి, ఓడ ఆ నీటిని పట్టుకుని విషాన్ని చిక్కబరిచి గ్లాసులో పోసింది. 2002లో వచ్చిన ఈ నివేదికతో ఆస్ట్రేలియా తన నావికుల అర్హతను ఒప్పుకుంది. అమెరికాలో వీఏ అదే ఏడాది తలుపు మూసింది!

2008లో ఒక నావికుడి కేసులో వీఏ గెలిచింది. ఆ తీర్పును తిరగరాయడానికి మరో పదకొండేళ్ళు పట్టింది. ఆల్‌ఫ్రెడ్ ప్రొకోపియో 1966లో ఇంట్రెపిడ్ అనే విమానవాహక నౌక మీద పనిచేశాడు. ఇప్పుడా నౌక న్యూయార్క్‌లో మ్యూజియం, టికెట్టు కొనుక్కుని ఎక్కవచ్చు. ఆయనకు మధుమేహం, ప్రొస్టేట్ క్యాన్సర్. 2019 జనవరి 29న ఫెడరల్ సర్క్యూట్ కోర్టు మొత్తం కూర్చుని 9-2 తేడాతో ఆయన పక్షాన చెప్పింది. ఒక దేశం అంటే దాని నేలే కాదు, ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాలు కూడా. 1954 జెనీవా ఒప్పందంలో ఉత్తర, దక్షిణ వియత్నాంల మధ్య గీసిన విభజన రేఖను ఒడ్డు దగ్గర ఆపలేదు, సముద్రంలోకీ పొడిగించారు.  2019 జూన్‌లో కాంగ్రెస్ నావికులకు ప్రత్యేక చట్టం చేసింది, 2020 జనవరి 1 నుంచి అమలు. ఏళ్ళ తరబడి అర్జీ తిరుగుతూ ఉండి ఈలోగా కన్నుమూసిన వాళ్ళ భార్యలకు, నెమర్ కేసు తీర్పు తరవాత వీఏతో కుదిరిన ఒప్పందం పుణ్యమా అని, పాత తేదీ నుంచి బకాయి దక్కింది.

థాయ్‌లాండ్ స్థావరాల్లో పనిచేసినవాళ్ళది ఇంకో వరస. అక్కడా కంచె చుట్టూ మందు కొట్టారు. కాబట్టి కంచె దగ్గర కాపలా కాసినట్టు, కుక్కను తిప్పినట్టు చూపించుకున్నవాడికే పరిహారం అన్నారు. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం ఆ కంచెను తీసేసింది. అధిక రక్తపోటునూ జాబితాలో చేర్చింది. రక్తపోటుకు కొంత ఆధారముందని శాస్త్రవేత్తల సంఘం 2006 నాటి సమీక్షలోనే రాసింది, ఆధారం గట్టిదేనని 2018లో రాసింది. చేర్చడానికి 2022 దాకా ఆగడంలో శాస్త్రం పాత్ర తక్కువ, ఖజానా పాత్ర ఎక్కువ. రక్తపోటు లేని ముసలి సైనికుణ్ణి వెతకడం కష్టం.

దక్షిణ కొరియా మూడు లక్షల పైచిలుకు సైనికులను వియత్నాం పంపింది. వాళ్ళు డౌ, మోన్‌శాంటోల మీద 1999లో సోల్‌లో కేసు వేశారు. 2006లో హైకోర్టు 6,795 మందికి పరిహారం ఇమ్మంది. 2013లో అక్కడి సుప్రీంకోర్టు ఆ సంఖ్యను 39కి దించింది. ఆ ముప్పై తొమ్మిది మందికీ ఉన్నది క్లోరాక్నే, 1985లో వీఏ ఒప్పుకున్న ఆ ఒక్క జబ్బే.

ఇంతవరకూ చెప్పిందంతా మందు చల్లిన పక్షం సైనికుల కథ. మందు పడిన ఊళ్ళవాళ్ళు 2004 జనవరిలో అవే కంపెనీల మీద దావా వేయడానికి అమెరికా వచ్చారు. కేసు వెళ్ళింది బ్రూక్లిన్‌కే, జడ్జి జాక్ వైన్‌స్టీన్ దగ్గరికే. వాళ్ళ మీద మందు పడిందని చట్టంతో అనిపించడానికి వాళ్ళకు అమెరికన్ కాంగ్రెస్ లేదు, వీఏ లేదు. 2005 మార్చిలో ఆయన ఏం చెప్పాడు, ఆ మాట మీద వియత్నాంలో, ఆ తర్వాత పారిస్ దాకా ఏం జరిగింది, వచ్చే వారం.

(సశేషం)